కొత్తగా చేరినవి

లిఫ్టు మెషిన్ రూమ్,
పన్నెండో అంతస్తు పైన,
జూన్ 3

బావమరిది గారికి,

ఈ "గారు" వెటకారం కాదు, అవసరం. అవసరం పడితే నేనెంత మర్యాదస్తుణ్ణో నీకు ఈ పాటికి తెలిసే ఉంటుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. మొన్న ఫోన్లో నువ్వు చుక్క అంటే చుక్క కొట్టాను. గీత అన్నావు, అడ్డగీతో ఏటవాలు గీతో తెలియక రెండూ కొట్టాను. అదీగాక పక్షవాతం వచ్చి మాట పడిపోయిన దగ్గర్నుంచీ మీ అక్క చెవులు మరీ చురుకయ్యాయి. నేను పక్కగదిలో గొణిగినా వినేస్తుంది. ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాడికి ఈ డబ్బా ఒక లెక్కా అని ఆవిడ ముందు గొప్పగా అనేశాను. ఇప్పుడు ఆవిడ వింటూండగా నిన్ను అడగాలంటే నాకు తలకొట్టేసినట్టు ఉంటుంది. అందుకని మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. జవాబు ఆఫీసు చిరునామాకే రాయి.

సంగతి ఇది. ఆఫీసువాళ్లు తీసిపారేసిన కంప్యూటరు ఒకటి ఇంటికి తెచ్చాను. నువ్వు చెప్పిన సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. సినిమాలు, మా పెళ్లి వీడియో, మీ అక్క బస్టాండులో మైకులో చెప్పిన ప్రకటనల క్యాసెట్టు, అన్నీ అందులో పెట్టి హాల్లో టీవీలో చూపించాలని నా ఆశ. మొదటిరోజు టీవీలో ఒక అంకెల చిరునామా కొడితే తెరుచుకుంది. ఆ అంకెలు గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నాను. మర్నాడు అవే కొడితే అలాంటి యంత్రమే లేదంటోంది. యంత్రం నా కళ్లెదుటే గుర్రుమంటోంది.

ఇదంతా ఎందుకు నెత్తినేసుకున్నావంటావేమో. మీ అక్క హాల్లోకి రావడం మానేసింది. తలలో మాట సరిగ్గానే ఉంటుంది, నోరే వేరేది పలుకుతుంది. తలుపు వెయ్యమనబోయి చెంచా వెయ్యమంటుంది. కుడిచేతికి పట్టు ఇంకా రాలేదు. ఎడమచేత్తో రాస్తే చంటిపిల్లల రాతలా ఉందని కాగితం ముట్టదు. మాట నేర్పే డాక్టరమ్మ రోజూ టాబ్లెట్‌లో తనను తాను వీడియో తీసుకుని చూసుకోమంది. ఆ పని మాత్రం తప్పదు, వెనకగది తలుపేసుకుని చేస్తుంది. ఆ వీడియోలు నేను కూడా చూడకూడదని తన చేతిలో నా చెయ్యి వేయించుకుంది. చూడనని మాటిచ్చాను. ఆవిణ్ణి మళ్లీ హాల్లో మనందరి మధ్య కూర్చోబెట్టాలి, అంతే నాకు కావలసింది.

ఆ చిరునామా సంగతి తేల్చు.

మీ బావ

*

కాలేజీ కంప్యూటర్ ల్యాబ్,
జూన్ 10

లిఫ్టుల బావగారికి,

పన్నెండంతస్తుల పైనుంచి కిందివాడికి ఉత్తరం రాసినందుకు ధన్యుణ్ణి.

మీ యంత్రం ఎక్కడికీ పోలేదు. మీ ఇంట్లో రూటర్ ఆపి వేసినప్పుడల్లా ఏ యంత్రానికి ఏ అంకె ఇవ్వాలో మళ్లీ కొత్తగా పంచిపెడుతుంది. లాడ్జిలో గుమాస్తా రోజుకో గది ఇచ్చినట్టు. ఈ యంత్రానికి ఎప్పుడూ ఇదే గది అని దానికి ఒక్కసారి చెప్పాలి. ఎలా చెప్పాలో వెనక కాగితం మీద బొమ్మతో సహా వేశాను. ఏటవాలు గీత ఎటు వాలాలో బాణం గుర్తు కూడా పెట్టాను, ఇంకేం కావాలి మీకు.

ఇప్పుడు చెప్పేది మాత్రం నవ్వుతూ చదవకండి. మీరు ఈ యంత్రానికి తగిలించిన పాత పెద్ద డిస్కులో రెండు ఫోల్డర్లు ఉండాలి. ఒకటి మీరే కొత్తగా తెరిచి "మీడియా" అని పేరు పెట్టండి, సినిమాలూ పెళ్లి వీడియోలూ అందులో పెట్టండి. రెండోది అక్క టాబ్లెట్‌ది. అక్క తీసుకున్న వీడియోలు పోకుండా రోజూ వాటంతట అవే అందులో కాపీ అయ్యేలా ఆస్పత్రి నుంచి వచ్చిన వారంలోనే నేను పెట్టాను. సర్వర్ ఏ ఫోల్డర్ చూడాలని అడిగినప్పుడు మీడియా ఒక్కటే చూపించండి. డిస్కు మొత్తం చూపించారంటే అక్క వీడియోలు కూడా వచ్చి సినిమాల పక్కన కూర్చుంటాయి. మీ ఇల్లు, నా ఇల్లు, పెద్దక్క ఇల్లు మూడింటినీ కలిపే దారి నేను ఇక్కణ్ణుంచి వేస్తున్నాను. మీరు పెట్టింది మూడు టీవీల్లోనూ కనపడుతుంది.

కావాలంటే మిగతా పని కూడా ఇక్కడ కూర్చునే చేసిపెడతాను. ఒక్క పాస్‌వర్డ్ ఇస్తే పదినిమిషాలు.

అక్కను అడిగానని చెప్పండి. రావాలనే ఉంది. ఇక్కడ పరీక్షలు, ల్యాబ్ వదలడానికి లేదు.

మీ బావమరిది

*

మెషిన్ రూమ్,
జూన్ 19

బావమరిదీ,

చిరునామా నిలబడింది. గోడ మీది అంకెల చుట్టూ గీత గీశాను.

పాస్‌వర్డ్ ఇవ్వను. నువ్వు అక్కణ్ణుంచి చెయ్యి పెట్టి బాగుచేస్తే నేను చేసినట్టు ఎలా అవుతుంది. నాకు చెప్పు, నేనే చేస్తాను.

అయితే ఇప్పుడు వేరే తంటా వచ్చిపడింది. మీడియా ఫోల్డర్ చూపించాను. వెతుకుతున్నానంది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. సినిమాలు సున్నా, వీడియోలు సున్నా. ఫోల్డర్ తెరిస్తే నలభై రెండు ఫైళ్లు నా కంటికి కనపడుతున్నాయి, దాని కంటికే కనపడవు. మూడు సాయంత్రాలు అలాగే గడిచాయి. నిన్న మీ అక్క వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. అయిందా అని కనుబొమలు ఎగరేసింది. అయిపోయింది, చివరిసారి సరిచూసుకుంటోంది అని చెప్పాను. ఆవిడ నవ్వీ నవ్వనట్టు నవ్వి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నమ్మలేదని అర్థం.

పెద్దవదినకు అరవై నిండేది వచ్చే నెలలోనే కదా. ఆ ఆదివారం వాళ్లింట్లో అందరూ చేరతారు. ఆ రోజుకి మా పెళ్లి వీడియో అక్కడ టీవీలో రావాలి. అందరూ చూశారని చెబితే ఈవిడకు కూడా కాస్త హుషారొస్తుందని నా లెక్క.

త్వరగా రాయి.

మీ బావ

*

కంప్యూటర్ ల్యాబ్,
జూన్ 26

బావగారికి,

ఫైళ్లున్నాయి, సర్వర్‌కి వాటిని తెరిచే హక్కు లేదు. అంతే జబ్బు. ఆ సాఫ్ట్‌వేర్ మీ పేరు మీద నడవదు, దానికి వేరే పేరుంది. ఆ పేరుగలవాడికి మీరు ఫోల్డర్ తాళం ఇవ్వలేదు. పాపం గుమ్మం బయట నిలబడి లోపల ఏమీ లేదని చెబుతున్నాడు.

వేరే కాగితం మీద ఒక్క వరుస రాశాను. అక్షరం పోకుండా అదే కొట్టండి. చివర "మీడియా" అన్న మాట ఉంది చూశారా, దాని కింద ఎర్రగీత గీశాను. అది వదిలేస్తే తాళం ఒక గదికి కాదు, డిస్కు మొత్తానికీ ఇచ్చినట్టవుతుంది. వరుస పని చెయ్యకపోతే మళ్లీ అడగండి. అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ పిల్లలు ఇదే ప్రశ్న రోజుకు పదిసార్లు అడుగుతారు.

మీ బావమరిది

*

మెషిన్ రూమ్,
జూలై 8

ఒరేయ్ బావమరిదీ,

వచ్చేసింది. మొత్తం వచ్చేసింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

టీవీ తెర మీద బొమ్మలు బొమ్మలుగా వరుసలు కట్టాయి. మా పెళ్లి వీడియోకి ఎక్కడి సినిమాదో తుపాకి పట్టుకున్న మీసాలవాడి బొమ్మ తగిలించింది. పేరు చూసి అదేదో సినిమా అనుకుందట. అది కూడా మార్చాను, ఇప్పుడు మీ అక్క బొమ్మే ఉంది. పైన "కొత్తగా చేరినవి" అని ఒక వరుస, కింద సినిమాలు, ఆ కింద పాటలు. నీకూ పెద్దవదినకూ ఖాతాలు తెరిచాను. పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఈ కవర్లోనే పెట్టాను.

మీ అక్కను పిలిచి సోఫాలో కూర్చోబెట్టి ముందుగా ఆ బస్టాండు క్యాసెట్టు పెట్టాను. "ప్రయాణికులకు గమనిక" అని ఆ గొంతు ఖంగుమని వచ్చింది. పద్దెనిమిదేళ్లు ఊరు ఊరంతా విన్న గొంతు. ఆవిడ రెండు ప్రకటనలు విని, రిమోటు అందుకుని టీవీ ఆపేసి వెనకగదిలోకి వెళ్లిపోయింది. అలసిపోయి ఉంటుంది. మెల్లగా అలవాటవుతుందిలే.

ఆదివారం నువ్వు పెద్దవదిన ఇంటికి వెళ్లి టీవీ దగ్గరుండి చూసుకో. మా ఇద్దరికీ రావడం పడదు, ఈవిడ రానంటుంది, నేను వదిలి రాలేను.

మీ బావ

*

ఇంట్లో, వంటగది బల్ల దగ్గర,
జూలై 21

బావగారికి,

నిన్న ఫోన్ చేసి వెంటనే యంత్రం ఆపెయ్యమన్నాను. ఎందుకని మీరు అడిగారు. అక్క పక్కనే ఉన్నట్టు వినపడింది, అందుకని చెప్పలేకపోయాను.

పెద్దక్క ఇంట్లో పెళ్లి వీడియో బాగానే నడిచింది. అది అయిపోగానే "కొత్తగా చేరినవి" వరుసలోంచి తర్వాతది దానంతట అదే మొదలైంది. అది అక్క వీడియో. అక్క టాబ్లెట్ ఫోల్డర్ సర్వర్‌కి ఎలా కనపడిందో నాకు తెలియదు. ఎక్కడో చిన్న పొరపాటు జరిగి ఉంటుంది.

కంగారు పడకండి. హాల్లో అందరూ మాటల్లో ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. వెంటనే ఆపేశాను. అక్కకు చెప్పవలసిన అవసరం కూడా నాకు కనపడటం లేదు. మీడియా తప్ప మిగతా వాటికిచ్చిన హక్కు తీసేసే వరుస ఈ కవర్లో పెట్టాను. అది కొట్టి మళ్లీ వెయ్యండి, సరిపోతుంది.

మీ బావమరిది

*

మెషిన్ రూమ్,
జూలై 27

బావమరిదికి,

అది పొరపాటు కాదు. నేను చేతులారా చేశాను.

నువ్వు రాసిన వరుస కొట్టాను. అలాంటి ఫోల్డర్ లేదంది. మళ్లీ కొట్టాను, అదే మాట. ఫోల్డర్ పేరు పెట్టేటప్పుడే నేను ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువ వదిలానని తర్వాత తెలిసింది. అప్పటికే నిన్ను రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగడానికి సిగ్గేసింది. మొహమాటపడకండి, పిల్లలు కూడా అడుగుతారు అని నువ్వు రాశావు చూడు, అది మంచికే రాశావు గానీ చదివిన దగ్గర్నుంచీ ఇంక అడగబుద్ధి కాలేదు. యాభై ఎనిమిదేళ్లవాణ్ణి. నువ్వు ఎర్రగీత గీసిన మాట కొట్టేసి, హక్కిచ్చే చోటా ఫోల్డర్ చూపించే చోటా మొత్తం డిస్కు అని పెట్టాను. అన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. నీకు మాత్రం చెప్పినట్టే చేశానని రాశాను.

పైవరుసలో తేదీల పేర్లతో నల్లటి డబ్బాలు కొన్ని కనపడ్డాయి. వాటికింకా బొమ్మలు రాలేదు. ఏమిటివి అనుకున్నాను. ఏమిటో నాకు తెలియదని ఎలా అనను, తెలుసు. రేపు తీసేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు మళ్లీ రాలేదు.

మా పనిలో ఒకటుంది. లిఫ్టు తలుపు సరిగ్గా పడకపోతే లిఫ్టు కదలదు, కదలకూడదు. తలుపులో తప్పెక్కడుందో వెతకడం గంటల పని. బద్ధకస్తులు రెండంగుళాల తీగముక్క తీసుకుని తలుపు పడిందని లిఫ్టును మభ్యపెట్టేలా అడ్డంగా తగిలిస్తారు. ఇంకేం, లిఫ్టు తలుపు తెరుచుకునే తిరుగుతుంది. నాలుగేళ్ల కిందట అలా తీగ తగిలించి ఇంటికెళ్లిపోయిన ఒకణ్ణి నేనే పనిలోంచి తీయించాను. పెళ్లాంబిడ్డలున్నవాణ్ణని కాళ్లావేళ్లా పడ్డాడు. లోపల ఎక్కేవాళ్లకు కూడా ఉంటారు పెళ్లాంబిడ్డలు అన్నాను. అంత నీతి చెప్పిన నోటితో ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. ఇంటర్నెట్ తీగ ఊడబీకి, బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా యంత్రాన్ని వేసి చూశాను. ఎవరి టీవీలో ఏది ఎంతసేపు నడిచిందో అది లెక్క పెట్టుకుంటుందట, నాకు తెలియనే తెలియదు. పెద్దవదిన ఇంట్లో మీ అక్క వీడియో పదకొండు నిమిషాలు నడిచింది. వెంటనే ఆపానన్నావు. దానికంటే ముందు, బుధవారం నుంచి శనివారం దాకా, నీ ఖాతాలో మీ అక్క వీడియోలు ఇరవై ఆరు నడిచాయి. ఒక్కటీ మధ్యలో ఆగలేదు.

అంటే నీకు బుధవారమే తెలుసు. నాలుగు రోజులు నాకు చెప్పలేదు. తప్పు చేసినవాణ్ణి నేను, నిన్ను నిలదీసే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. ఎందుకు చెప్పలేదు? ఆ పదకొండు నిమిషాల్లో ఏం జరిగింది?

మీ బావ

*

కంప్యూటర్ ల్యాబ్, పిల్లలు వెళ్లిపోయాక,
ఆగస్టు 4

బావగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. మొదటి రెండింట్లోనూ నా మీద నాకే జాలి పుట్టేలా రాసుకున్నాను, మూడోదాంట్లో మిమ్మల్ని తప్పుపట్టాను. ఇందులో జరిగింది మాత్రమే రాస్తాను.

పరీక్షల వల్ల రాలేకపోతున్నానని మీకు పద్నాలుగు నెలలుగా చెబుతున్నాను. ఏ కాలేజీలోనూ పద్నాలుగు నెలలు పరీక్షలుండవు. కిందటిసారి నేను వచ్చినప్పుడు మీరు మందులకు బజారుకెళ్లారు. అక్క నా ఎదురుగా కూర్చుని నన్ను చంటీ అని పిలవబోయింది. పెదవులు కూడదీసుకుంది, మెడ నరాలు బిగుసుకున్నాయి, చివరికి "బకెట్" అంది. నేను నవ్వాను. నవ్వాలని నవ్వలేదు, భయమేసి నవ్వొచ్చేసింది. అక్క లేచి వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మీరు వచ్చాక బస్సుకు టైమైందని వచ్చేశాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి బావగారూ.

బుధవారం సాయంత్రం మీ సర్వర్ ఎలా ఉందో చూద్దామని తెరిచాను. తేదీల పేర్లున్న డబ్బా ఒకటి నొక్కాను. అక్క. వెంటనే మూసెయ్యాలి, మీకు ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. అక్క ఒక్కొక్కరి ఫోటో చేత్తో పట్టుకుని వాళ్ల పేరు చెప్పడానికి ప్రయత్నిస్తోంది. మీ ఫోటో, పెద్దక్క ఫోటో, తర్వాత నాది. నా పేరు దగ్గరే ఆగిపోతోంది. ఏదో ఒకరోజు చెప్పిందేమో చూద్దామని తర్వాతది పెట్టాను. ఆ తర్వాతది. మీకు చెబితే మీరు మూసేస్తారు, నాకు ఆ సంగతి తెలియకుండానే పోతుంది. అందుకని చెప్పలేదు. ఆవిడ ఎవరూ చూడకూడదన్నవి నేను నాలుగు రోజులు దొంగతనంగా చూశాను. ఇరవై ఆరింట్లోనూ నా పేరు రాలేదు.

ఇక ఆదివారం. పెద్దక్క ఇంట్లో పదిహేనుమందిమి ఉన్నాం. పెళ్లి వీడియో అయిపోయింది, తర్వాతది మొదలైంది. రిమోటు నా చేతిలోనే ఉంది. ఎవరూ పట్టించుకోలేదని రాశాను, అబద్ధం. మాటలాపి అందరూ అటే చూశారు. అక్క నా ఫోటో పైకెత్తి "బకెట్" అంది. తల కొట్టుకుని మళ్లీ "బకెట్" అంది. పెద్దక్క అల్లుడు నా వైపు తిరిగి, "అయితే మీరు బకెట్టా" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఈసారి భయమేసి కాదు. నవ్వకపోతే నన్ను చూస్తారని నవ్వాను. మా అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. "అత్త ఎందుకలా కొట్టుకుంటోంది నాన్నా" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.

ఒక్క మీట నొక్కితే పోయేది. గబుక్కున ఆపితే ఎందుకాపావని అడుగుతారు, నాకు ముందే తెలుసని బయటపడుతుంది అనుకున్నాను. అలా అనుకుంటూ పదకొండు నిమిషాలు కూర్చున్నాను. పెద్దక్క వంటింట్లోంచి వచ్చి చూసి, నా చేతిలోంచి రిమోటు లాక్కుని ఆపింది. ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు.

మీరు తీగ తగిలించినవాడి గురించి రాశారు. మీకు ఆ లిఫ్టులో ఎవరెక్కుతారో తెలియదు. నేను ఎక్కినవాళ్లను చూస్తూ కూర్చున్నాను. మనిద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నాకు తెలుసు.

అక్కకు చెప్పవద్దని మొన్న రాసింది అక్క కోసం కాదు, నా కోసం. మీ ఇష్టం.

చంటి

*

ఇంట్లో, హాల్లో,
ఆగస్టు 12

చంటికి,

చెప్పేశాను.

నిన్న మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాను. మీ అక్క వంటింట్లో పళ్లేలు తుడుస్తోంది. ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. మాటిచ్చి తప్పానన్నాను. తీగముక్క గురించి చెప్పాను. పెద్దవదిన ఇంట్లో పదిహేనుమంది చూశారన్నాను. నవ్వారని కూడా చెప్పాను. అది దాచబోయాను, నా మొహం చూసి మెడ పట్టుకున్నంత పని చేసింది, ఇంక దాచలేకపోయాను. నీ సంగతి చెప్పలేదు. నీ ఉత్తరాలు తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. నా ఉత్తరాల సంగతీ అడిగింది చేత్తో సైగచేసి. నావి నీ దగ్గరున్నాయి కదా, నేనేం రాశానో గుర్తున్నంత మేరకు నోటితో అప్పజెప్పాను. పరీక్షలో తప్పినవాణ్ణి మార్కులు బిగ్గరగా చదవమన్నట్టు ఉంది నా పని.

ఆవిడ చేతిలోని పళ్లెం తుడిచి అరలో పెట్టింది. ఉత్తరాలు తీసుకుని వెనకగదిలోకి వెళ్లింది. సాయంత్రం దాకా తలుపు తియ్యలేదు. ఏడుపు వినపడలేదు. వినపడి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

ఈలోగా చెయ్యగలిగింది చేశాను. ఫోల్డర్ పేరులో ఎక్కువైన ఖాళీ తీసేశాను. హక్కులన్నీ తీసేసే వరుస కొట్టి, మీడియా ఒక్కదానికే మళ్లీ ఇచ్చాను. వేరే ఖాతాతో లోపలికెళ్లి చూశాను. మీ అక్క ఫోల్డర్ కనపడలేదు. రెండుసార్లు చూశాను. ఆ తర్వాత యంత్రం ఆపేశాను. ఆవిడ వెయ్యమనేదాకా వెయ్యను.

ఈరోజు పొద్దున బయటికొచ్చి, నీకు రాయడానికి కాగితాలు ఎక్కడున్నాయని సైగచేసింది. ఇచ్చాను. నన్ను చూడవద్దంది. ఈసారి మాట తప్పను. ఆవిడ రాసింది విడిగా కవరు అంటించి పంపుతాను.

మీ బావ

*

వెనకగది,
ఆగస్టు 12 నుంచి 19 దాకా

ఒరేయ్ చంటీ,

ఎడమచేత్తో రాస్తున్నాను. రోజుకు నాలుగు వరుసలు. అక్షరాలు చూసి నవ్వుకో, నాకేం ఫర్వాలేదు. నవ్వడం నీకు అలవాటే కదా.

నీ ఉత్తరాలు చదివాను, మీ బావవి ఆయన నోటితో విన్నాను. ఇద్దరూ బాగా సిగ్గుపడ్డారు. ఒకరు అయిదు పేజీలు, ఒకరు అరగంట. నాది పెద్ద తప్పంటే నాది పెద్ద తప్పని పోటీలు పడ్డారు. నా సంగతి అందులో ఎక్కడుందా అని వెతికాను. నన్ను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. నాకు నోరు రాదు. అడిగితే తల ఊపగలను.

మీ బావ నాలుగు రోజులుగా గోడలకు అతుక్కుని నడుస్తున్నారు. కూరలో ఉప్పు లేకపోయినా బాగుందంటున్నారు. రెండేళ్లుగా నా సిగ్గు నేను మోస్తున్నాను. ఇప్పుడు మీ ఇద్దరి సిగ్గు కూడా నేనే సముదాయించాలా? నా వల్ల కాదు. కోపంగా ఉంది. మీ బావ మీద చాలా ఉంది. మాట తప్పినందుకు. దానికంటే, నా పాత గొంతు తెచ్చి నా ముందు పెట్టి మురిసిపోయినందుకు. అది ఆయనకు చెప్పాను. కాగితం మీద. ఆయన చదివి బయటికెళ్లి చాలాసేపటికి వచ్చారు.

నీకో సంగతి. ఆ రోజు నువ్వు నవ్వావని నేను లేచిపోలేదు. నిన్ను పట్టుకుని బకెట్ అన్నందుకు నాకే నవ్వొచ్చింది. నవ్వితే నా మూతి ఒక పక్కకు పోతుంది. అది నువ్వు చూడకూడదని లేచాను. గదిలో తలుపేసుకుని నవ్వాను. బయటికొచ్చేసరికి నువ్వు లేవు. అయిదు నిమిషాలు ఆగితే ఇద్దరం కలిసి నవ్వేవాళ్లం. నువ్వు ఆగలేదు. పద్నాలుగు నెలలు మళ్లీ రాలేదు. నా కోపం దానికి.

వీడియోలు చూసినందుకు తిట్టలేను. పెద్దక్క ఇంట్లో ఆపనందుకు తిడతాను. తిట్లు రాయడం కష్టం, అక్షరాలు పెద్దవి. నోటితోనే తిడతాను.

ఆదివారం పొద్దున పదిగంటలకు ఫోన్ చేస్తాను. ముందు నీకు. తర్వాత పెద్దక్క అల్లుడికి. తర్వాత ఆ రోజు నవ్విన అందరికీ వరసగా. వాళ్ల నంబర్లు మీ బావ ఇస్తారు. ఆయన పక్కన ఉండరు, బయటికెళ్లమన్నాను. ఒకప్పుడు వేలమందికి చెప్పినదాన్ని, పదిహేనుమందికి చెప్పలేనా. ఎంతసేపు పడుతుందో తెలియదు. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకో. అది అడిగినదానికి నువ్వు చెప్పలేదు, నేను చెబుతాను.

బకెట్ అంటే పలుకు. మధ్యలో మాటలు అందించకు. నేను వెతుక్కుంటాను. ఏమీ వినపడకపోయినా ఉన్నావా అని అడగకు, ఉంటాను. నేను పెట్టేదాకా ఫోను పెట్టకు.

అక్క